ఆంగ్ల పదం: పలికే తీరు, అర్థం, వాడుక



పదో తరగతి వరకు మన హాస్టల్లోనే ఉండి తెలుగు మీడియంలో చదివాను. ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంలో చేరాను. మొదటి వారంలోనే లెక్చరరు గారు పాఠం చదవమంటే 'రిసీట్' అనే మాటను 'రిసిప్ట్' అని చదివాను. క్లాసంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ తర్వాత మూడు నెలల పాటు, జవాబు తెలిసినా లేచి చెప్పలేదు. నాకు ఆ పదం రాక కాదు, పలకడం తెలియక. ఆ నష్టం మీకు జరగకూడదనే ఈ వ్యాసం రాస్తున్నాను.

తెలుగులో దాదాపు రాసినట్టే పలుకుతాం. ఇంగ్లీషులో అలా కాదు. అక్షరాలు 26 అయినా ధ్వనులు సుమారు 44 ఉన్నాయి. అందుకే స్పెల్లింగు బట్టీ పడితే చాలదు. స్పెల్లింగు, ఉచ్చారణ, అర్థం, వాడుక నాలుగూ కలిపి నేర్చుకోవాలి. కొన్ని ఉదాహరణలు చూడండి.

1. రిసీట్ (ఆర్-ఇ-సి-ఇ-ఐ-పి-టి): 'పి' పలకకూడదు. అర్థం: రసీదు. వాడుక: 'ప్లీజ్ గివ్ మీ ఎ రిసీట్.'

2. డెట్ (డి-ఇ-బి-టి): 'బి' పలకకూడదు. అర్థం: అప్పు. ఈ మాట ఫ్రెంచి నుండి వచ్చినప్పుడు ఇందులో 'బి' లేదు. లాటిన్ మూలాన్ని చూపడానికి పండితులు తర్వాత చేర్చారు. అది రాతలో నిలిచింది గాని నోటికి ఎక్కలేదు. వాడుక: 'హి పెయిడ్ హిజ్ డెట్స్.'

3. డౌట్ (డి-ఓ-యు-బి-టి): ఇందులోనూ 'బి' పలకదు. అర్థం: అనుమానం, నమ్మకం లేకపోవడం. పాఠం అర్థం కాకపోతే మనం 'ఐ హావ్ ఎ డౌట్' అంటాం. మన దేశంలో అది అందరికీ అర్థమవుతుంది. బయటి దేశాల వారికి మాత్రం, చెప్పిన మాట నమ్మడం లేదన్నట్టు వినిపించవచ్చు. 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అనడం మేలు.

4. వెన్జ్‌డే (డబ్ల్యు-ఇ-డి-ఎన్-ఇ-ఎస్-డి-ఎ-వై): మొదటి 'డి' పలకకూడదు. అర్థం: బుధవారం. వాడుక: 'ది ఎగ్జామ్ ఈజ్ ఆన్ వెన్జ్‌డే.' వారం పేరు ముందు 'ఆన్', నెల పేరు ముందు 'ఇన్' వాడాలి.

5. డిస్కస్ (డి-ఐ-ఎస్-సి-యు-ఎస్-ఎస్): అర్థం: చర్చించు. తెలుగులో 'పాఠం గురించి చర్చించాం' అంటాం కనుక ఇంగ్లీషులోనూ 'ఎబౌట్' చేర్చేస్తాం. అది తప్పు. 'వి డిస్కస్ట్ ద లెసన్' అంటే చాలు.

ఒక పాత నోటుబుక్కులో నాలుగు గడులు గీసుకోండి. స్టడీ అవర్‌లో రోజుకు 5 పదాలు రాయండి. డిక్షనరీలో ఉచ్చారణ కూడా చూడండి. అక్కడ పైన కనిపించే చిన్న నిలువు గీత తర్వాతి భాగాన్ని ఒత్తి పలకాలి. ఆ ఒత్తును తెలుగు లిపి చూపలేదు, కాబట్టి రేడియోలోనో, ఫోన్‌లోనో విని సరిచూసుకోండి. ప్రతి పదంతో మన హాస్టల్ గురించే ఒక వాక్యం తయారుచేసి, పక్క మిత్రుడికి పైకి చదివి వినిపించండి. నెలకు 150 పదాలు మీవి అవుతాయి.

చివరగా ఒక మాట. మన హాస్టల్లో ఎవరైనా తప్పు పలికితే నవ్వకండి, సరిచేయండి. నవ్వితే ఒక నోరు మూతపడుతుంది. సరిచేస్తే ఇద్దరికీ ఆ మాట గుర్తుండిపోతుంది.