బ్యాండ్‌సా సిలిండర్ దగ్గర ఆయిల్ కారుతోంది

ప్రశ్న: మాది రాజమండ్రిలో చిన్న వర్క్‌షాపు. రైస్‌మిల్లు షాఫ్టులు కోసే బ్యాండ్‌సాకి సిలిండర్ దగ్గర ఆయిల్ కారుతోంది. వాల్వు కట్టేసినా ఫ్రేము మెల్లగా దిగిపోతోంది. సీలు మారిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోకపోవచ్చండీ. మీకున్నవి రెండు జబ్బులు. బయట కారడం రాడ్డు సీలు పని. ఫ్రేము దిగిపోవడానికి లోపలి పిస్టన్ సీలో, చెత్త ఇరుక్కున్న వాల్వో కూడా కారణం కావచ్చు.

ముందు మెయిన్ ఆపి, ఫ్రేము కింద గట్టి దిమ్మ పెట్టండి. లీకును వేలితో వెతకొద్దు, ప్రెషర్‌లో ఉన్న ఆయిల్ చర్మంలోకి దూరుతుంది. శుభ్రంగా తుడిచి, అట్టముక్క పట్టి చూడండి.

తర్వాత రాడ్డు మీద గోరు పెట్టి గీయండి. మన చెమ్మకి, కూలెంట్ నీళ్లకి తుప్పు గుంటలు పడతాయి. గోటికి గరుకు తగిలితే కొత్త సీలు నిలవదు, హార్డ్ క్రోమ్ చేయించాల్సి రావచ్చు. సీలు కొనేటప్పుడు పాతదాన్ని కొలవకండి, అది ఉబ్బి ఉండొచ్చు. రాడ్డునీ గాడినీ వెర్నియర్‌తో కొలవండి.

ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయండి. 32, 46 అంటే 40 డిగ్రీల వేడిలో దాని చిక్కదనం. బ్రేక్ ఆయిల్ మాత్రం వద్దు, నైట్రైల్ సీళ్లు పాడైపోతాయి. సిలిండర్‌లో గాలి తీసేశాకే కోత మొదలుపెట్టండి.

నేల మీద ఆయిల్‌కి ఊక చల్లి ఎత్తేయండి, కాలవలోకి కడగొద్దు.