రేడియో కన్ను

కృష్ణాజిల్లాలో గుడివాడకు చేరువనున్న పెదపారుపూడి మొదలైన గ్రామముల ప్రజలకు కార్తిక పూర్ణిమ గొప్ప పర్వము. ఆ దినమున అనేకులు బందరు దగ్గరనున్న మంగినపూడి తీరమునకు సముద్రస్నానమునకై పోవుదురు. తెల్లవారక మునుపే జనము బారులు తీరి ఇసుకతిన్నెలవైపు సాగుచుండును. ఒకరి చేతిలో ఇత్తడిచెంబు, ఒకరి సంచిలో పొడిబట్టలు, ఒకరి చంకలో పసిబిడ్డ. ఇట్టి సమూహములో దుర్బుద్ధిగలవా డొకడు వస్త్రముల క్రింద ఆయుధము దాచుకొని కలిసినచో వానిని కనుగొనుట యెట్లు?

ప్రతి మనిషిని ఆపి సోదా చేయుట ఒక మార్గము. కాని ముందువారు నిలిచినను వెనుకనుండి వచ్చు జనము నిలువదు. చోటు ఇరుకైనకొలది ఒత్తిడి హెచ్చును. 2015 జూలై 14వ తేదీన, గోదావరి పుష్కరముల తొలినాడు, రాజమహేంద్రవరమున స్నానఘట్టమునొద్ద జరిగిన త్రొక్కిసలాటలో 20 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అచట ఆయుధమేదియు లేదు. ఇరుకున చిక్కిన జనసమ్మర్దమే మృత్యువయ్యెను. అట్లని పరీక్షలేక విడుచుటకును వీలులేదు. 2007 ఆగస్టు 25వ తేదీన హైదరాబాదులో లుంబినీ ఉద్యానమునందును, గోకుల్ చాట్ అను ఫలహారశాలయందును బాంబులు ప్రేలి 40 మందికి పైగా మరణించిరి. ఆపినను అపాయమే, ఆపకున్నను అపాయమే. కావున నడచుచున్నవారిని నడచుచుండగనే పరిశీలించు ఉపాయమును శాస్త్రజ్ఞులు వెదకసాగిరి.

మన కన్ను వెలుతురు సాయమున చూచును. వెలుతురు బట్టను దాటిపోజాలదు. రేడియో తరంగములు దాటిపోగలవు. తలుపులన్నియు మూసియున్నను ఇంటిలోని రేడియో పలుకుటకు కారణ మిదియే. 1895 ప్రాంతమున జగదీశచంద్ర బోసు కలకత్తానగరమున ఈ తరంగములను గోడకావలికి పంపి, అచటి గంటను మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చి చూపెను. కేవలము 5 మిల్లీమీటర్ల పొడవుగల తరంగములను సైతము ఆయన పుట్టించెను. నేటి తనిఖీ యంత్రములు వాడునవి ఇంచుమించుగా ఇట్టి పొట్టి తరంగములే.

పొట్టి తరంగములే యేల? దివిసీమ బెస్తవారి వలలను చూచినచో ఈ సంగతి తెలియును. పెద్ద కన్నుల వలలో పెద్ద చేపలే పడును. రొయ్యపిల్లలు చిక్కవలెనన్న కన్నులు చిన్నవి కావలెను. తరంగములును అంతే. మచిలీపట్టణమున వాతావరణశాఖవారి రాడారు కలదు. అది సుమారు 10 సెంటీమీటర్ల తరంగములను పంపి, వానచినుకులనుండి మరలివచ్చు ప్రతిధ్వనినిబట్టి దూరముననున్న తుపానుమేఘముల జాడ తెలుపును. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెనకు వేలాది ప్రజలను పోగొట్టుకొన్న దివిసీమకు అట్టి చూపు విలువ వేరుగ చెప్పనక్కరలేదు. కాని మేఘమును చూచుటకు చాలిన ఆ తరంగము చొక్కా క్రింది చాకును గుర్తింపజాలదు. అందుకు సుమారు ఒక సెంటీమీటరు, అంతకు తక్కువ పొడవు కావలెను.

అట్టి తరంగములు బట్టను దాటి, చర్మమును తాకి వెనుకకు మరలును. లోహమును తాకినవి మరింత బలముగ మరలును. ఈ ప్రతిఫలములను అనేక గ్రాహకములు పట్టుకొనును; గణకయంత్రము వానిని కూర్చి చిత్రము చేయును. ఈ తరంగములు ఎక్స్-కిరణములవలె దేహములోనికి చొచ్చుకొనిపోవు. వాని శక్తియు సెల్‌ఫోను వెలువరించు శక్తికంటె ఎన్నో రెట్లు తక్కువ. విమానాశ్రయములలో ప్రయాణికుడు గదివంటి యంత్రమున చేతులెత్తి కదలక నిలుచును. నడచువానిని చూచుట ఇంతకంటె కష్టము. పరుగెత్తు బిడ్డను ఫొటో తీసినచో బొమ్మ అలికినట్లగును గదా! అమెరికాలోని లింకన్ ప్రయోగశాలవారు వరుసలుగ నమర్చిన ప్రేషకములను అతివేగముగ ఒకదాని తరువాత నొకటి పనిచేయించి, కదలుచున్నవారి చిత్రమును వెంటవెంట కూర్చు పద్ధతిని రూపొందించిరి. వేరొక విధము యంత్రము తానేమియు పంపక, దేహము సహజముగ వెలువరించు తరంగములనే గ్రహించును. దాచిన వస్తువు వానిని అడ్డగించి నల్లని మచ్చవలె కనబడును. అట్టివానిని తమ స్టేషనులలో వాడనున్నట్లు లాస్ ఏంజిల్స్ నగర రవాణాసంస్థ 2018లో ప్రకటించెను.

ఐనను ఈ కంటికిని లోపములు గలవు. నీరు ఈ తరంగములను మ్రింగివేయును. స్నానముచేసి తడిబట్టలతో వచ్చువారిపై ఇది చక్కగ పనిచేయదు; కావున తీరమునకు పోవు త్రోవలోనే నిలుపవలెను. ఇత్తడిచెంబును చూచి ఆయుధమని భ్రమపడవచ్చును. నూటి కొక్కమారు మాత్రమే పొరపడు యంత్రమనుకొందము. 1,00,000 మంది దాటునప్పటికి 1,000 మంది నిరపరాధులు అనుమానితులగుదురు! కావున యంత్రము వ్రేలు చూపినంత మాత్రమున ఎవరును దోషులు కారు. మరల పరిశీలించు మనుష్యునికి ఓర్పును, మర్యాదయు నుండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మానము. బట్టను దాటి చూచు కన్ను దేహమును సైతము చూడగలదు. దేహరూపమును ఉన్నదున్నట్లు చూపు ఎక్స్-రే యంత్రములపై అమెరికాలో తీవ్రమైన ఆక్షేపణ కలిగెను. తుదకు 2013లో వానిని విమానాశ్రయములనుండి తొలగించిరి. వాని స్థానమున నిలిచిన రేడియో యంత్రములు వ్యక్తి రూపమును చూపవు. అందరికిని ఒకేవిధమైన బొమ్మను గీసి, వస్తువున్న చోట గుర్తు మాత్రము పెట్టును. చూడగలిగియు చూడవలసినంతయే చూచుట ఆ యంత్రమునకు మనుష్యుడు నేర్పిన మర్యాద.

యాత్రకు పోవు ముసలమ్మ క్షేమముగ ఇల్లు చేరవలెను. ఆమె గౌరవమును ఆమెతోనే చేరవలెను. ఈ రెండింటిని కాపాడినప్పుడే రేడియో కన్ను జనులకు రక్షకమగును.