తోట చూడ వచ్చేవారు

చలికాలం వచ్చిందంటే అరకు దారి కిటకిటలాడుతుంది. విశాఖపట్నం నుంచి బస్సులు, కార్లు ఘాట్ రోడ్డు ఎక్కుతాయి. రైల్లో వచ్చేవాళ్ళు సొరంగాలు దాటి వస్తారు. బొర్రా గుహలు చూస్తారు. బొంగు చికెన్ తింటారు. దారిలో కాఫీ తోట కనబడితే ఆగుతారు. "కాఫీ చెట్టు ఇదేనా?" అని అడుగుతారు.

వాళ్ళు రోజూ కాఫీ తాగేవాళ్ళే. కాని కాఫీ కాయను చెట్టున చూసినవాళ్ళు తక్కువ. అందుకే తోట చూడ్డం వాళ్ళకు వింత, సరదా. మరి ఆ తోట పెంచిన రైతుకు ఏం లాభం? ఏం నష్టం? తెలుసుకుందాం.

తోటలో ఏముంది?

అరకు, పాడేరు 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. ఇక్కడి గిరిజన రైతులు కొండ వాలుల్లో కాఫీ పెంచుతారు. కాఫీకి నీడ కావాలి. అందుకని సిల్వర్ ఓక్ చెట్ల కింద నాటుతారు. ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారు. ఒకే నేలలో రెండు పంటలు!

మార్చి, ఏప్రిల్ నెలల్లో వాన జల్లు పడితే కాఫీ పూస్తుంది. నవంబరు వచ్చేసరికి కాయలు ఎర్రగా పండుతుంటాయి. అన్నీ ఒక్కసారే పండవు. పండినవే చూసి కోయాలి. తొక్క తీసి, కడిగి, ఎండబెట్టాలి. సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజలే వస్తాయి. ఈ కష్టం కళ్ళారా చూస్తే కప్పు కాఫీ విలువ తెలుస్తుంది.

2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే, ఆ పేరు ఆ ప్రాంతంలో పండిన కాఫీకే చెల్లుతుంది.

ఊరికే చూపాలా?

ఇంటికొచ్చిన వాళ్ళకు మంచినీళ్ళిస్తాం. డబ్బు అడగం. అది మన మర్యాద. కాని రోజూ పదిమంది వస్తే? కోత మానుకొని ఒక మనిషి వాళ్ళ వెంట తిరగాలి. ఆ పూట కూలి పోయినట్టే. కాబట్టి రుసుము అడగడం తప్పు కాదు.

ఒక లెక్క వేద్దాం. మనిషికి 50 రూపాయలు అనుకుందాం. 12 మంది వచ్చారు.

వచ్చిన డబ్బు: 600 రూపాయలు
వెంట తిరిగిన మనిషి కూలి: 300 రూపాయలు
అందరికీ కాఫీ ఖర్చు: 120 రూపాయలు
మిగిలింది: 180 రూపాయలు

చాలామంది తమ కూలి రాయరు. అప్పుడు 480 రూపాయలు మిగిలినట్టు కనబడుతుంది. అది నిజమైన లెక్క కాదు. మన కష్టం కూడా ఖర్చే.

జేబులో నాలుగు కాయలు

2025లో అరకు ప్రాంతపు తోటల్లో కాయ తొలిచే పురుగు కనబడింది. మన దేశంలో ఇది మొదట 1990లో నీలగిరి కొండల్లో, గూడలూరు దగ్గర బయటపడింది. ఈ పురుగు నువ్వు గింజ కంటే చిన్నది. కాయ కొనన బెజ్జం చేసి లోపలికి పోతుంది. గింజలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు గింజను తినేస్తాయి.

పురుగున్న కాయలతో, ఆ కాయలు మోసిన గోనెసంచులతో ఇది తోట నుంచి తోటకు పాకుతుంది. చూడ వచ్చినవాళ్ళు ముచ్చటపడి నాలుగు కాయలు జేబులో వేసుకుంటారు. ఇంకో తోటలో పారేస్తారు. వాళ్ళకది ఆట. రైతుకు ఏడాది పంట.

రాలిన కాయలు ఏరెయ్యాలి. బెజ్జం పడ్డ కాయ కనబడితే దాచకూడదు. వెంటనే కాఫీ బోర్డు వాళ్ళకు చెప్పాలి. ఒకరు దాస్తే ఊరంతా నష్టపోతుంది.

బోర్డు రాద్దాం

ఎంతమందికని నోటితో చెబుతాం? బోర్డు రాసి పెడదాం. మధ్యలో ఎవరైనా ఎక్కువ వసూలు చేసి మనకు తక్కువ ఇస్తే, అదీ తెలిసిపోతుంది. నేర్చుకున్న అక్షరం ఇక్కడే అక్కరకొస్తుంది.

మా తోటకు రండి
1. అడిగి లోపలికి రండి.
2. మనిషికి 50 రూపాయలు.
3. కాయలు కోయకండి. వెంట తీసుకుపోకండి.
4. చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చకండి.
5. ప్లాస్టిక్ సీసాలు పారేయకండి.
6. పని చేసేవాళ్ళ ఫొటోలు అడిగి తీయండి.

ఆరో మాట మరిచిపోకండి. తోట చూడ్డానికి వచ్చారు, సరే. మనుషులు బొమ్మలు కారు.

చర్చించండి

1. 20 మంది వస్తే వచ్చే డబ్బు ఎంత? కాఫీ ఖర్చు 200, కూలి 300 అయితే మిగిలేది ఎంత?
2. మీ ఊళ్ళో చూడదగ్గ తోటలు ఏమున్నాయి? మామిడా, జీడా, కొబ్బరా?
3. మీ తోటకు మీరు ఏ బోర్డు రాస్తారు? పలక మీద రాసి చూపండి.