కళ్లద్దాల చీటీలో ప్లస్, మైనస్

చీటీలో మైనస్ 2 అని రాసి ఉంటే హ్రస్వదృష్టి అన్నమాట. చేతిలో పుస్తకం బాగానే కనిపిస్తుంది, వచ్చే బస్సు బోర్డే మసక. సాధారణంగా కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల ప్రతిబింబం రెటీనాకు ముందే ఏర్పడుతుంది. పుటాకార కటకం కిరణాలను కాస్త విడదీసి దాన్ని వెనక్కి, రెటీనా మీదికి జరుపుతుంది. దీర్ఘదృష్టికి కుంభాకార కటకం, అసమదృష్టికి స్థూపాకార కటకం.

చత్వారం వేరు. నలభై దాటాక కంటి కటకం బిగుసుకుపోయి సూదిలో దారం ఎక్కదు. పేరులోనే నలభై ఉంది, ఇక మరిచిపోయే ప్రశ్నే లేదు! దూరపుచూపు దోషం కూడా తోడైతే ద్వినాభ్యంతర కటకం ఇస్తారు.

కటక సామర్థ్యానికి ప్రమాణం డయాప్టర్. మీటర్లలో నాభ్యంతరానికి విలోమం. మైనస్ 2 అంటే నాభ్యంతరం మైనస్ 50 సెంటీమీటర్లు. పరీక్ష ప్రశ్నలో నాభ్యంతరం సెంటీమీటర్లలో ఇస్తే ముందు మీటర్లలోకి మార్చుకోండి.