కౌజుపిట్టల పెంపకము: క్రొత్తగా పూనుకొను రైతులకు సూచనలు

1974వ సంవత్సరమున మన దేశమునకు తేబడిన జపాను కౌజుపిట్ట కృష్ణా డెల్టా రైతులు పెరటిలోనే పెంచుకొనదగినది. పొలములలోని అడవి కౌజులను పట్టుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. కావున పెంపుడు జాతి పిల్లలనే కొనవలెను.

1. తావు: ఒక కోడి నిలుచు చోట ఎనిమిది పిట్టలు పెరుగును. డెల్టాలో నేలచెమ్మ హెచ్చు గనుక, కొట్టమును మెరకపై గట్టి పొడి ఊక పరచవలెను. తడిసిన ఊకను వెంటనే తీసివేయవలెను. పిల్లి, ఎలుక, పాము చొరకుండ సన్నని ఇనుపవల బిగింపవలెను.

2. మొదటి వారము: నష్టమంతయు ఇప్పుడే కలుగును. పిల్ల తూకము సుమారు 8 గ్రాములే. 95 ఫారన్‌హీటు డిగ్రీల వెచ్చదనముంచి, పిదప వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గింపవలెను. పిల్లలు దీపము క్రింద గుమిగూడినచో చలి యనియు, దూరముగా పోయి నోళ్లు తెరచినచో వేడి యనియు ఎరుంగవలెను. లోతైన నీటిపళ్లెమున పిల్లలు మునిగి చచ్చును. గులకరాళ్లు వేసి యుంచవలెను.

3. ఫలము: 5 వారములకు మాంసమునకును, సుమారు 7 వారములకు గ్రుడ్లకును వచ్చును. ఈ జాతి పిట్ట తన గ్రుడ్లను పొదుగదు. పొదుగు యంత్రము లేనివారు ప్రతి తడవ పిల్లలను కొనవలసినదే. ఆ వ్యయమును ముందే లెక్కించుకొనవలెను.

తొలుత 50 పిల్లలతో మొదలిడి, విజయవాడలోగాని సమీప పట్టణమునగాని కొనువారిని కుదుర్చుకొనిన పిమ్మటనే సంఖ్య పెంచవలెను. అప్పుచేసి పెద్ద కొట్టము గట్టుట తగదు.