జీవాలలో నట్టల నివారణకు ఔషధ మొక్కలు: ఉపయోగాలు, పరిమితులు

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో ప్రథమ స్థానంలోను, ఆంధ్రప్రదేశ్ ద్వితీయ స్థానంలోను ఉన్నాయి. ఈ రాష్ట్రాలలో జీవాల పెంపకందారులకు నష్టం కలిగించే సమస్యలలో నట్టలు ముఖ్యమైనవి. వాటిలో హీమాంకస్ అనే గుండ్రటి పురుగు అత్యంత ప్రమాదకరమైనది. ఇది నాలుగవ పొట్ట లోపలి పొరను పట్టుకొని రక్తం పీలుస్తుంది. ఒక్కొక్క పురుగు వలన రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం నష్టమవుతుంది. అనగా 2,000 పురుగులున్న గొర్రె రోజుకు దాదాపు 100 మి.లీ. రక్తం కోల్పోతుంది. కనురెప్పల లోపలి పొర పాలిపోవడం, దవడ క్రింద నీరు చేరడం, నీరసించడం దీని లక్షణాలు.

ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ వంటి ఒకే తరగతి మందులను తరచుగా, తక్కువ మోతాదులో వాడటం వలన వాటికి లొంగని పురుగులు వృద్ధి చెందుతున్నాయి. అందుచేత ఔషధ మొక్కలపై పరిశోధకుల దృష్టి మళ్ళింది.

ముఖ్యమైన మొక్కలు

వాయువిడంగాలు: ఆయుర్వేదం క్రిమిహరాలలో దీనికి అగ్రస్థానం ఇచ్చింది. ఇందలి క్రియాశీల పదార్థం ఎంబెలిన్.

మోదుగ: గింజలలోని పలాసోనిన్‌కు నట్టలను అరికట్టే గుణం ఉన్నది.

వక్క: ఇందలి అరెకోలిన్ బద్దె పురుగుల పట్టు సడలించి, ప్రేగుల కదలికను పెంచి వాటిని బయటకు పంపుతుంది. మోతాదు మించితే చొంగ కారడం, తీవ్రమైన విరేచనాలు కలుగుతాయి.

బొప్పాయి: కాయ పాలలోని ఎంజైములు గుండ్రటి పురుగుల పైపొరను జీర్ణం చేస్తాయి.

నల్లతుమ్మ: దీనిలోని టానిన్లు పురుగులపై నేరుగా పనిచేయడమే కాక, మేతలోని మాంసకృత్తులు మొదటి పొట్టలో విచ్ఛిన్నం కాకుండా కాపాడి జీవాల తట్టుకొనే శక్తిని పెంచుతాయి. అధికమైతే మేత జీర్ణత తగ్గుతుంది.

పరిమితులు

గాజు పాత్రలో పురుగులను చంపిన కషాయం గొర్రె పొట్టలోనూ అదే విధంగా పనిచేస్తుందని భావించరాదు. మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు అనేక పదార్థాలను విచ్ఛిన్నం చేస్తాయి. పైగా నేల, ఋతువు, కోత దశలను బట్టి మొక్కలోని క్రియాశీల పదార్థం మారుతుంది. కనుక గుప్పెడు, చిటికెడు వంటి కొలతలతో ఇచ్చే మందు ఒకసారి నిష్ఫలం, మరొకసారి విషతుల్యం కావచ్చు. ఎంబెలిన్ సంతానోత్పత్తికి ఆటంకం కలిగించగలదు గనుక చూడి జీవాలకు వాయువిడంగాలు ఇవ్వరాదు.

సూచనలు

ఏ మందు ఇచ్చినా జీవం బరువు తూచి మోతాదు నిర్ణయించాలి. ఇచ్చే ముందు, 14 రోజుల తరువాత పెంటికలను పరీక్ష చేయించాలి. గ్రుడ్ల సంఖ్య 95 శాతం కంటే తక్కువగా తగ్గితే, సరైన మోతాదులో ఇచ్చిన రసాయన మందుకు పురుగులు లొంగడం లేదని అనుమానించాలి. మూలికా మందు ఫలితాన్ని కూడా ఈ పరీక్షతోనే నిర్ధారించుకోవాలి. కనురెప్పలు తెల్లబారిన జీవానికి మూలికలతో కాలయాపన చేయక, వెంటనే పశువైద్యుని సలహాతో సమర్థమైన మందు త్రాగించాలి. టానిన్లు గల మేత, పచ్చిక బీళ్ళ మార్పిడి మందుల అవసరాన్ని తగ్గిస్తాయి. ఔషధ మొక్కలకు సరైన స్థానం ఈ సమగ్ర యాజమాన్యంలోనే ఉన్నది.