వాక్చికిత్స : తల్లిదండ్రు లెఱుఁగవలసిన విషయములు

బిడ్డకు మాటలు రానిచో "మేనమామకును నాల్గవయేటనే వచ్చినవి" యని పెద్దలు తల్లి నోదార్చుట మన యిండ్లలో సామాన్యము. ఆ యోదార్పు ప్రేమచేఁ బుట్టినదే. కాని దానిచే విలువైన కాలము వ్యర్థమగును.

సాధారణముగా శిశువు మొదటియేటి తుదకు ఒకటి రెండు మాటలు పలుకును. రెండవయేఁడు నిండునప్పటికి "అమ్మా రా" యని రెండు మాటలు కూర్చును. అట్లు కానిచో నిపుణునకుఁ జూపవలెను. మొదట చెవులను పరీక్షింపించుట ముఖ్యము. ఏలయన, విన్న మాటనే బిడ్డ పలుక నేర్చును. నిద్రించు పసికందునకుఁ గూడ ఈ పరీక్ష చేయవచ్చును. మైసూరులో 1965వ సంవత్సరమున స్థాపింపఁబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఇట్టి నిపుణులను తయారుచేయుచున్నది.

చికిత్స యన మందుమాత్రలు గావు. ఆటపాటలే అందు సాధనములు. గుఱి యేమి, ఇంట నేమి చేయవలెను, ఎన్ని నెలలకు ఫలమును సరిచూతురు అని ముందుగనే యడుగవలెను. వారమునకు 168 గంటలు. అందు నిపుణునియొద్ద గడచునవి కొలఁదియే. తక్కిన కాలమంతయు ఇల్లే పాఠశాల. స్నానమప్పుడు "నీళ్లు" అనియు, భోజనమప్పుడు "ముద్ద" అనియుఁ బలికి, బదులుకై ఓపికతో వేచియుండవలెను. "చెప్పు, చెప్పు" మని నిర్బంధింపరాదు. బిడ్డ వినుచుండఁగా వాని లోపమును బంధువులకుఁ జెప్పరాదు. ఇంట రెండు భాషలున్నచో మాట చెడునను భయము నిరాధారము, మాతృభాషను మానవలదు.

తల్లిని నిందించుట మానుఁడని పెద్దలను మేము వేఁడుచున్నాము. విద్యార్థులారా, మాటలు రాని తమ్మునితోఁ గూర్చుండి యాడుకొనుటయు చికిత్సలో భాగమే యని మఱవకుఁడు.